హిరోషిమా బొంత వెంట వరంగల్ గల్లీల్లో

వరంగల్ వెళ్లొచ్చానంటే మా స్కూల్లో తోటి టీచర్లంతా కోట చూశావా, వేయిస్తంభాల గుడి చూశావా అని అడిగారు. రెండూ చూడలేదు. ఉన్నన్నాళ్లూ ఒక బొంతను మోసుకుని బస్సుల్లో తిరిగాను. ఆ మాట చెబితే నవ్వారు. నవ్వడం అయ్యాక, ఆ సంగతేదో కాగితం మీద పెట్టమన్నారు.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మా పక్కన అణు విద్యుత్ కేంద్రం వస్తుందన్న మాట నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది. సర్వేలు జరిగాయి, సభలు జరిగాయి, ధర్నాలు జరిగాయి. కొందరు ఒప్పుకున్నారు, కొందరు కాదన్నారు. ఒకళ్లింటి పెళ్లికి ఒకళ్లు వెళ్లని రోజులు కూడా వచ్చాయి. ఈ మధ్య అసలు ఎవరూ ఆ ఊసే ఎత్తడం లేదు.

అలాంటప్పుడు ఫోన్లలో చేతులు మారి మారి ఒక చిన్న వీడియో నా దగ్గరికి వచ్చింది. హిరోషిమా మీద బాంబు పడిన ఆగస్టు ఆరో తారీఖున, వరంగల్‌లో కొందరు ఆడవాళ్లు ఏటా ఒక పెద్ద బొంతను నలుగురూ చూసేలా వేలాడదీస్తారట. అణు ప్రమాదాలను గుర్తు చేసే గుడ్డముక్కలను కలిపి కుట్టిన బొంత అది. వీడియో కింద ఉన్న నంబరుకు ఫోను చేశాను.

"మీ సముద్రం ముక్క ఒకటి పట్టుకొని రా చెల్లె, కుడదాం" అంది అవతలి గొంతు, ఎన్నాళ్లో పరిచయం ఉన్నట్టు.

సెలవు పెట్టి రైలెక్కాను.

మండీబజార్ వెనక

స్టేషన్ బయట సన్నగా వాన పడుతోంది. ఆటో అతనికి అడ్రసు చదివి వినిపించబోతే మధ్యలోనే ఆపేశాడు. "లేడీస్ టైలర్ షమీమ్ ఆపా కాడికేనా? మా ఇంటామె జాకెట్లు ఆడ్నే కుట్టిస్తది. కూసోండి." వంద అడుగుతాడనుకున్నాను, అరవై తీసుకున్నాడు. ఆపా అంటే ఉర్దూలో అక్క అని కూడా అతనే చెప్పాడు. దిగేసరికి నాకూ ఆ పిలుపే అలవాటైంది.

షమీమ్ ఆపాకు అరవైకి కాస్త అటో ఇటో వయసు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. భర్త లేడు. కూతురి అత్తవారిల్లు నల్లమల అడవి అంచున. నేను కాళ్లు కడుక్కుని వచ్చేసరికి గుండ్రటి గిన్నెతో సహా సర్వపిండి తెచ్చి నా ముందు పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుగుకే ఒత్తి కాల్చే రొట్టె. మా వైపు దిబ్బరొట్టె మెత్తగా, మందంగా ఉంటుంది. ఇది కరకరలాడుతుంది. "గీరుకొని తినాలె, అడుగుదే రుచి" అని గరిటె చేతికిచ్చింది.

తిన్నాక బొంత పరిచింది. గది సరిపోక ఒక అంచు గడప దాటింది. పాత చీరలు, లుంగీలు, దుప్పట్లు, పిల్లల గౌన్లు. వాటి మీద రంగు దారాలతో బొమ్మలు. మధ్యలో ఉన్న పెద్ద ముక్క ఆపా సొంతంగా కుట్టింది. మొదట అది ఏమిటో అర్థం కాలేదు. గోధుమరంగు గుడ్డ మీద వంకర టింకరగా నల్లటి పువ్వులు, అంతే.

అప్పుడు చెప్పింది. కొన్నేళ్ల కింద నల్లమలలో యురేనియం తవ్వుతారన్న వార్త వచ్చినప్పుడు ఆపా కూతురి దగ్గరే ఉందట. తమ బోరు నీళ్లు ఏమవుతాయోనని ఊరంతా కలవరపడింది. ఎవరో కుర్రాళ్లు వ్యానులో ఫోటోలు తెచ్చి బడి దగ్గర ప్రదర్శన పెట్టారు. అందులో హిరోషిమా మనిషి ఫోటో ఒకటి. ఒక ఆడమనిషి వీపు.

"ఆమె కట్టుకున్న బట్ట మీద నల్ల పువ్వులున్నయి. నలుపు వేడిని గుంజుకుంటది కద. ఆ పువ్వులు పువ్వుల్లెక్కనే ఒంటి మీద అచ్చుపడ్డయి చెల్లె. ముప్పై ఏండ్ల నుంచి జాకెట్లు కుడ్తాన. బట్ట ఒంటిని కాపాడ్తదనే కద కుట్టేది? ఆ ఫోటో చూసినంక వారం దాక మిషన్ మీద చెయ్యి పెట్టబుద్ది కాలె."

వారం తర్వాత పెట్టింది. మొదటి ముక్క కుట్టింది. జాకెట్ కొలతలకు వచ్చినవాళ్లకు తన ఫోనులో ఆ ఫోటోలన్నీ చూపించడం మొదలుపెట్టింది. ఎవరికి ఏ ఫోటో మనసులో దిగబడితే వాళ్లు ఆ ముక్క కుట్టారు. ఒకటే షరతు: బొంత వాళ్లింటికి వస్తుంది, ఎవరి ముక్కను వాళ్లే తమ చేత్తో బొంతకు కలపాలి. ఆ ఏడాది కలపాల్సినవి మూడు మిగిలాయి. నాది, పరకాల దగ్గర రాజవ్వది, మరిపెడలో యాకమ్మది.

నాది ఆ సాయంత్రమే కలిపాను. ఫుకుషిమాలో ప్రమాదం తర్వాత, పట్టిన చేపను ఎవరూ కొనక పడవలు కట్టేసుకున్న బెస్తవాళ్ల గురించి చదివినప్పటి నుంచీ నాకు మా రేవే గుర్తొచ్చేది. నీలం చీర ముక్క మీద తాళ్లతో కట్టేసిన పడవలు కుట్టుకొచ్చాను. నా కుట్లు చూసి ఆపా పెదవి విరిచింది. "బొమ్మ సూపర్. కుట్టే జర గట్టిగ లేదు" అని మొత్తం విప్పించి మళ్లీ కుట్టించింది.

పరకాల బస్సు

మర్నాడు హనుమకొండ నుంచి పరకాల బస్సు. బొంతను పాత దుప్పట్లో మూటకట్టి ఇద్దరం చెరో కొస పట్టుకున్నాం. "ఏందమ్మా, కాపురం మారుస్తాన్రా?" అన్నాడు కండక్టర్. ఆపా ఆధార్ కార్డు చూపి జీరో టికెట్ తీసుకుంది. అక్కడ ఆడవాళ్లకు బస్సు ఉచితం. నా కార్డు వేరే రాష్ట్రానిది కాబట్టి నాకు టికెట్ కొట్టాడు. మూటకు కూడా కొడతానన్నాడు కానీ, దాన్ని ఎవరూ తమ సీటు పక్కన పెట్టనివ్వక చివరికి కండక్టర్ సీటు పక్కనే పెట్టాల్సి వచ్చింది. దాంతో ఆ మాట మానేశాడు.

దారి పొడవునా పత్తి చేలు, మోకాలి ఎత్తున పచ్చగా. మూటలో ఏముందని ముందు సీటులో పెద్దాయన అడిగాడు. ఆపా దాచకుండా చెప్పింది. ఆయన వెనక్కి పూర్తిగా తిరిగాడు.

"బాంబు వద్దంటే మంచిదే. కరెంటు కూడ వద్దంటే మోటర్లు ఎట్ల నడుస్తయక్కా? నా పొలానికి బోరే దిక్కు."

నేను సిద్ధంగా ఉన్నాను. గాలి కరెంటు, ఎండ కరెంటు, వాటి లెక్కలు, మా సభల్లో పదేళ్లుగా విన్నవన్నీ నాలుక చివర ఉన్నాయి. ఆపా నాకంటే ముందే అంది: "నిజమే అన్నా. నా మిషనుకు కూడ కరెంటు మోటరే. ఎట్లనో నాకు పురాగ తెల్వదు. కని, గిట్ల అయిందని మాత్రం యాది మర్వద్దు. యాదుంటే జర మంచి తొవ్వ దేవులాడుకుంటం."

పెద్దాయన దిగేటప్పుడు సంచిలోంచి రెండు మక్కకంకులు, అంటే మా మొక్కజొన్న పొత్తులు, తీసి ఆపా ఒళ్లో పెట్టాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు.

రాజవ్వ ఇల్లు

పరకాల నుంచి ఆటోలో ఇంకొంచెం లోపలికి వెళ్తే రాజవ్వ వాళ్ల ఊరు. రెండెకరాల పత్తి, ఎకరం వరి, ఒక బర్రె. భర్త పొలంలో ఉన్నాడు. మేం వెళ్లేసరికి మక్క గారెలు వేస్తోంది. లేత మక్కలు రోట్లో కచ్చాపచ్చాగా రుబ్బి, పచ్చిమిర్చి, ఎల్లిపాయ వేసి, మధ్యలో చిల్లు లేకుండా చేతి మీదే ఒత్తి నూనెలో వేస్తారు. నాటుకోడి కూరలో ముంచుకుని తినాలి. మా ఊళ్లో గారెలంటే మినప్పప్పుతోనే, మక్కలతో గారెలు నాకు కొత్త. ఆరు తిన్నాను. ఏడోది రాజవ్వే పెట్టింది.

తిన్నాక ఆమె ముక్క తెచ్చి చూపించింది. ఆకుపచ్చ పొలం, దాని మీద వరసలు వరసలుగా నల్ల సంచులు. ఫుకుషిమా చుట్టుపక్కల పొలాల్లో పై మట్టినంతా గీకి సంచుల్లో కట్టి పేర్చారు కదా, ఆ ఫోటో ఆమెను పట్టుకుంది. ఒక్కో సంచి మూతికి ముడి కూడా కుట్టింది.

"మన్ను సంచులల్ల కట్టిన్రంటే, ఇగ ఆ రైతు ఏం జేత్తడు బిడ్డా?" అని నన్నే అడిగింది.

ఆపా బొంత విప్పి ఖాళీ చోటు చూపింది. రాజవ్వ సూది అందుకోలేదు. ముక్కను మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"షమీమక్కా, ఏమనుకోకు. నేను ఇయ్య."

ఎందుకని అడిగితే చెప్పింది. ఆమె ఈ ముక్క కుట్టింది చలికాలంలో. ఆ తర్వాత కొడుకు శ్రీకాంత్‌కు ఉద్యోగం వచ్చింది. ఐటీఐ చదివి మూడేళ్లు ఖాళీగా తిరిగిన పిల్లాడు. వేరే రాష్ట్రంలో ఒక అణు విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టర్ కింద వెల్డర్ పని. ఇప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు, ఆ పూట స్నేహితులతో హనుమకొండ వెళ్లాడు.

"వాని కంచంల నేనే మన్ను పోత్తనా? రేపు ఎవలన్న ఫోటో తీసి ఏత్తె, వాని కొలువు పోతే?"

నాకు కోపం వచ్చింది. మా ఊళ్లో ఇదే మాట ఎన్ని గుమ్మాల్లో విన్నానో! పని మాట ఎత్తితే చాలు, అందరి నోళ్లూ మూతపడతాయి. ఏదో అనబోయాను. ఆపా నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి, బొంత మడత పెట్టింది.

"ఫికర్ చెయ్యకు రాజవ్వా. ముక్క నీది. నీ పెట్టెలనే ఉండనియ్యి."

తిరుగు బస్సెక్కాం. అంత మంచి ముక్క పోయింది కదా అన్నాను. ఆపా మక్కకంకి గింజలు ఒలుస్తూ అంది: "గుడ్డ కోసం తల్లిని కొడుకును ఇడగొడ్తమా చెల్లె? ఆ జాగ ఖాళీగ ఉంటది. ఉంటే ఉండనీ."

మరిపెడలో యాకమ్మ

మరిపెడ వరంగల్‌కు దక్షిణాన, ఖమ్మం దారిలో. మర్నాడు వెళ్లే దారిలో మా బస్సు ఆగిపోయింది. డ్రైవర్ దిగి చూసి "ఇగ ఇది కదలది" అని తేల్చేశాడు. వెనక బస్సు వచ్చేదాకా మూట తడవకుండా ఇద్దరం దాని మీదకు వంగి, మా వీపులు తడుపుకున్నాం.

యాకమ్మ రోడ్డు పక్క మిర్చి బజ్జీల బండి నడుపుతుంది. పేరు విని ముస్లిం అనుకున్నాను. నుదుట రూపాయంత బొట్టు! అన్నారం దర్గాకు మొక్కుకుంటే పుట్టిందట, అందుకే అక్కడి బాబా పేరు పెట్టారు. ఈ పక్క యాకయ్యలు, యాకమ్మలు, యాకూబులు ఇంటికొకరుంటారని, అందులో ఎవరు ఏ మతమో పేరు చూసి చెప్పలేమని ఆపా నవ్వింది. వాళ్లిద్దరి పరిచయం కూడా ఆ దర్గా దగ్గరే.

యాకమ్మ జాతర్లకు కూడా బండి తీసుకెళ్తుంది. చెర్నోబిల్ పక్కన జనం ఖాళీ చేసి వెళ్లిన ఊళ్లో, పిల్లలు ఎక్కకుండానే తుప్పుపట్టిన జెయింట్ వీల్ ఉంది. ఆమె కుట్టింది దాన్ని. పసుపు డబ్బాలు, కింద గడ్డి.

"జాతరల జెయింట్ వీల్ పక్కనే నా బండి పెడ్త. పోరగాండ్ల లొల్లికి చెవులు పోతయి. గా ఫోటోల లొల్లి లేదు. నాకు గదే భయమైంది" అంది బజ్జీ తిప్పుతూ. గిరాకీ మధ్యలోనే చేతులు తుడుచుకుని వచ్చి నాలుగు కుట్లు వేసేది, మళ్లీ బండి దగ్గరికి పరుగెత్తేది. అలా సాయంత్రానికి పూర్తయింది. ప్లేటు ముప్పై రూపాయల బజ్జీలు మా దగ్గర డబ్బు తీసుకోకుండా పెట్టింది. బొంత మీద ఒకచోట నూనె మరక కూడా పడింది. ఆపా దాన్ని చూసి "మంచిగుంది, యాకమ్మ సంతకం" అంది.

అక్కడుండగానే ఆపాకు ఫోను వచ్చింది. మర్నాడు బొంతను పెట్టడానికి మాట్లాడుకున్న హాలు ఇవ్వడం లేదట. కారణం చెప్పలేదు. "పెద్దలు వద్దంటాన్రు" అన్నారంతే. ఇంత దూరం వచ్చి, గది చాలని బొంతను గదిలోనే చూసుకుని వెళ్లాలా?

ఆపా ఫోను పెట్టేసి మూట ముడి బిగించింది. "హాలు లేకుంటే గల్లీ ఉంది" అంది.

ఆరో తారీఖు పొద్దున

తెల్లవారేసరికి వాన వెలిసింది. ఎదురింటి వాళ్లు తమ డాబా పిట్టగోడ ఇచ్చారు. పక్కింటి ఆయన నిచ్చెన తెచ్చాడు. బొంతను పై నుంచి కిందికి వదిలితే గల్లీ ఆ చివరి నుంచి కూడా కనబడింది. హాల్లో పెడితే పిలిచినవాళ్లు మాత్రమే వచ్చేవారు. ఇక్కడ పాల ప్యాకెట్ కోసం బయల్దేరినవాళ్లు, బడికి వెళ్లే పిల్లలు, కూరగాయల బండాయన, అందరూ ఆగారు. ఆపా ఒక్కొక్క ముక్కా వేలితో చూపిస్తూ ఏ ఊళ్లో ఏం జరిగిందో చెప్పింది. తర్వాత అందరం కాసేపు మౌనంగా నిలబడ్డాం. కూరగాయల బండాయన తన మైకు కూడా ఆపేశాడు.

మౌనం ముగిసేసరికి గల్లీ మొదట్లో రాజవ్వ కనబడింది. పక్కన సన్నగా, పొడుగ్గా ఒక యువకుడు. కొడుకేనని పోలికలు చెప్పాయి. గొడవకు వచ్చాడనుకున్నాను. అతను నేరుగా బొంత దగ్గరికి వెళ్లి పై నుంచి కిందిదాకా చూశాడు. ఖాళీ చోటు దగ్గర ఆగాడు.

"మా అమ్మది ఇదేనా?" అన్నాడు. ఆపా అవునంది.

"నిన్న పెట్టె తీసి చూపెట్టింది. మంచిగ కుట్టింది." ఆగి, తల్లి వైపు కాక బొంత వైపే చూస్తూ మాట్లాడాడు. "లోపలికి పోయేముందు మాకు ఛాతి మీద బ్యాడ్జి పెడ్తరు. ఒంటికి ఎంత తాకుతాందో అది లెక్క చూస్తది. హద్దు దగ్గరికస్తె ఆ పని కాడి నుంచి పక్కకు పెడ్తరు. పద్ధతి మంచిగనే ఉంది. నాకు కొలువు కావాలె, నేను ఇడిసిపెట్ట. కని రోజు రూముకు పోయినంక చెయ్యి చూసుకుంట. ఏం గాదు, మంచిగనే ఉంటది. అయినా చూసుకుంట."

"నాకెన్నడు చెప్పలేదేంది కొడుకా?" అంది రాజవ్వ.

"చెప్తె నువ్వు పండుకుంటవా?"

శ్రీకాంత్ యాకమ్మ జెయింట్ వీల్‌ను చూపించాడు. "చెర్నోబిల్ల కాలిన కప్పెక్కి, పగిలి పడ్డ విషపు గడ్డలు పారలతోని ఎత్తిపోసిన్రు. గాళ్లు మా అసొంటి పనోళ్లే. ఈ బొంతల ఊర్లున్నయి, పొలాలున్నయి, పడవలున్నయి. పనోళ్లు లేరు."

నిజమే. అంత పెద్ద బొంతలో వాళ్లు లేరు. పడవలు కుట్టిన నాకు కూడా ఆ ఆలోచన రాలేదు.

ఆపా కొట్టులోకి వెళ్లి బట్ట మీద గీతలు గీసే సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు డ్రాయింగ్ టీచర్‌వి గద. గియ్యి." రాజవ్వ సంచిలోంచి తీసిన ముక్కను అరుగు మీద పరిచాం. నల్ల సంచుల పక్కన ఖాళీగా ఉన్న మూల శ్రీకాంత్ తన అరచేయి ఆనించాడు. వేళ్ల మీద వెల్డింగ్ నిప్పురవ్వల మచ్చలున్నాయి. ఒక్కో వేలు చుట్టూ సుద్ద తిప్పాను. రాజవ్వ అరుగు మీదే కూర్చుని ఆ గీత వెంట ఎర్ర దారంతో కుట్టింది. కళ్లద్దాలు తేలేదు, అయినా ఒక్క కుట్టు తప్పలేదు. కుట్టినంతసేపూ కొడుకు ఆమె పక్కనే గొంతుక్కూర్చుని దారం అందించాడు. తర్వాత తల్లీ కొడుకూ కలిసి ఆ ముక్కను ఖాళీ చోట్లో కలిపారు.

ఎవరూ అతన్ని ఫోటో తీయలేదు. ఆపా ముందే అందరికీ చెప్పింది.

మధ్యాహ్నం ఆపా ఇంట్లో మసాలా తాలింపు పెట్టిన బగార అన్నం, చింతపండు పులుపు పప్పు ఖట్టీ దాల్. నేనూ శ్రీకాంత్ నేల మీద పరిచిన ఒకే దస్తర్ గుడ్డ ముందు కూర్చుని తిన్నాం. మా ఊళ్లో కేంద్రం వద్దని నేను ధర్నాల్లో కూర్చున్నానని చెప్పాను. "కూసోండి మేడమ్, మీ ఊరు మీది" అన్నాడు. అన్నం కలుపుతూ, "మా రూములల్ల ఉండేటోళ్లు కూడ చేతులు గీసి పంపుతె కుడ్తరా? పేర్లు రాయరు" అని అడిగాడు. ఆపా నా వైపు చూసింది. పంపమన్నాను.

మా ఊరు

దసరా సెలవులకు ముందు వరంగల్ నుంచి నా పేర పార్సిల్ వచ్చింది. విప్పితే పాత పనిచొక్కాల గుడ్డ ముక్కలు, ఒక్కో దాని మీద పెన్నుతో గీసిన అరచేయి. పేర్లు లేవు. ఒక చేతికి గాజు కూడా గీసి ఉంది. ఆపా ఫోనులో నవ్వింది: "అన్ని నేనే కుడ్తె ఎట్ల? సగం నువ్వు కుట్టియ్యి."

ఇంటి అరుగు మీద కూర్చుని వాటిని పరిచి చూస్తుంటే పోలమ్మ వచ్చింది. మా ఊళ్లో చేపలమ్మే మనిషి. కేంద్రం వద్దని మొదట జెండా పట్టింది ఆమే. కేంద్రం వస్తే అందులో పనికి చేరతానన్న తన మేనల్లుడితో ఆమె మాట్లాడి చాలా కాలమైంది.

"ఏటమ్మా టీచరమ్మా, ఎవులివీ సేతులు?"

చెప్పాను. దాచకుండా, వాళ్లు ఎక్కడ పనిచేస్తారో కూడా చెప్పాను. పోలమ్మ తట్ట దించింది. వంగి, గాజున్న చేతి మీద తన చెయ్యి పెట్టి చూసుకుంది.

"నా సెయ్యంతే ఉంది గదా" అంది.

తర్వాత చీరకొంగుతో చేతులు రెండూ బాగా తుడుచుకుని, నా పక్కన కూర్చుని సూది అడిగింది.